సరీసృపాల గుడ్లకు ఇంట్లో చేసిన పొదుగు పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బల్లులను, పాములను ఇంట్లో పెంచుకోవడం మన ఊళ్లలో వినని సంగతి. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం అది వింత కాదు. ఆ పిల్లల తల్లిదండ్రుల నుంచి గుడ్లు పొదిగించే పెట్టె గురించి, ముఖ్యంగా దానికి వేడి పెట్టే పద్ధతి గురించి వరుసగా ఉత్తరాలు వస్తున్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. ఇక్కడ చెప్పిన డిగ్రీలన్నీ సెల్సియస్ డిగ్రీలు.

ప్రశ్న: మా అమ్మాయి పెంచుతున్న లెపర్డ్ గెకో అనే బల్లి రెండు గుడ్లు పెట్టింది. బజారులో ఇంక్యుబేటర్ ఖరీదు ఎక్కువగా ఉందని, మావారు ఒక థర్మోకోల్ పెట్టెలో 60 వాట్ల వేడి బల్బు బిగించి థర్మోస్టాట్ తగిలించారు. లోపలి ఉష్ణోగ్రత ఒకసారి 26 డిగ్రీలు, కాసేపటికి 35 డిగ్రీలు చూపిస్తోంది. బల్బు మార్చాలా, పెట్టె మార్చాలా?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పెట్టె బాగానే ఉంది, బల్బును తీసివేయండి. ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు, అంగుళం మందం గోడలు ఉన్న థర్మోకోల్ పెట్టె, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 0.7 వాట్ చొప్పున వేడిని కోల్పోతుంది. గది 20 డిగ్రీల వద్ద ఉండి, పెట్టెలో 30 డిగ్రీలు కావాలనుకున్నా, ఆ నష్టాన్ని పూడ్చడానికి 7 వాట్లు చాలు. మూత సందులను, తీగల కోసం చేసిన రంధ్రాలను లెక్కలోకి తీసుకుంటే 10 వాట్లు అనుకోవచ్చు. అంతమాత్రం అవసరానికి 60 వాట్ల బల్బు వెలిగినప్పుడు, థర్మోస్టాట్ గ్రహించి ఆపేలోపే గాలి వేడెక్కి హద్దు దాటిపోతుంది. గాలి వేడిని ఏమాత్రం దాచుకోలేదు కనుక ఆపిన కొద్దిసేపటికే చల్లబడుతుంది. మీరు చూస్తున్న ఊగిసలాట అదే.

బల్బుతో ఇంకో చిక్కు ఉంది. దాని వేడిలో చాలా భాగం గాలి ద్వారా కాక సూటిగా కిరణాల రూపంలో ప్రసరిస్తుంది. అందువల్ల ఒక మూలన ఉన్న థర్మామీటరు 30 చూపిస్తున్నప్పుడే బల్బుకు ఎదురుగా ఉన్న గుడ్డు పైభాగం అంతకంటె చాలా వేడిగా ఉండవచ్చు, తేమ కూడా త్వరగా ఆరిపోవచ్చు. పైగా బల్బు తగిలిన చోట థర్మోకోల్ కరుగుతుంది. ఎవరూ చూడని వేళ అది నిప్పు అంటుకునే ప్రమాదం కూడాను.

దీనికి బదులు మా సలహా నీటి పద్ధతి. పెట్టె అడుగున 10 లీటర్ల నీరు పోయండి, పైన చెప్పిన కొలతల పెట్టెలో అది సుమారు 8 సెంటీమీటర్ల లోతు వస్తుంది. అందులో పూర్తిగా మునిగి పనిచేసే రకం 50 వాట్ల అక్వేరియం హీటర్‌ను అడ్డంగా పడుకోబెట్టండి. నీటి మట్టానికి పైకి వచ్చేలా ఇటుకలు పేర్చి, వాటి మీద జల్లెడ వంటి ప్లాస్టిక్ పలకను అమర్చి, దాని మీద గుడ్ల డబ్బాను ఉంచండి. 10 లీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 42 కిలోజౌళ్ల వేడిని వదలాలి. పెట్టె 7 వాట్ల చొప్పున కోల్పోతున్నప్పుడు ఆ ఒక్క డిగ్రీ తగ్గడానికే గంటన్నరకు పైగా పడుతుంది. అదే పెట్టెలోని గాలి ఒక డిగ్రీ చల్లబడినప్పుడు 50 జౌళ్లు కూడా ఇవ్వలేదు. ఈ ఒక్క తేడా వల్ల మామూలు హీటరు, చవక థర్మోస్టాట్ కూడా నిలకడైన ఉష్ణోగ్రతను ఇవ్వగలుగుతాయి.

అక్వేరియం హీటరుకు సొంతంగా ఒక థర్మోస్టాట్ ఉంటుంది గాని, దాని మీద అంకెలను పూర్తిగా నమ్మరాదు. దాన్ని మీకు కావలసిన దానికంటె రెండు మూడు డిగ్రీలు ఎక్కువకు తిప్పి ఉంచి, అసలు నియంత్రణను బయట పెట్టిన థర్మోస్టాట్‌కు అప్పగించండి. బయటి థర్మోస్టాట్‌లోని రిలే ఎప్పుడైనా అతుక్కుపోయి కరెంటును ఆపలేకపోతే, హీటరులోని రెండో కాపలా గుడ్లు ఉడికిపోకుండా ఆపుతుంది. నీరు ఆవిరై హీటరు బయటపడితే గాజు పగులుతుంది కనుక వారానికొకసారి మట్టం చూసుకోవాలి. నీటిలో చేయి పెట్టేముందు ప్లగ్గు తీయాలి. హీటరు తీగను సాకెట్ కంటె కిందికి ఒక వంపు వచ్చేలా వేలాడదీస్తే, తీగ వెంట జారిన నీరు సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. అమెరికా ఇళ్లలో వంటగదికి, స్నానాలగదికి పెట్టే జీఎఫ్‌సీఐ సాకెట్‌నే (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రకం) దీనికీ వాడండి.

నీళ్ల వ్యవహారం వద్దనుకుంటే 15 నుంచి 20 వాట్ల హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని పరుపు) కూడా సరిపోతుంది. దాన్ని గుడ్ల డబ్బా కింద పరచకుండా పక్క గోడకు అతికించి, మిగిలిన ఖాళీలో మూత బిగించిన నీళ్ల సీసాలు నిలబెడితే అవి కూడా వేడిని దాచి ఉంచుతాయి.

గుడ్ల డబ్బాలో వర్మిక్యులైట్‌ను (తేమను పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు), దానితో సమాన బరువు నీటిని కలిపి వేసి, గుడ్లను సగం వరకు పూడ్చాలి. నీటి పద్ధతిలో పెట్టె మూత లోపలివైపు చెమ్మ పట్టి చుక్కలు కారతాయి కాబట్టి, డబ్బాకు కూడా మూత పెట్టి రెండు మూడు సూది బెజ్జాలు మాత్రం వదలండి. కోడిగుడ్లను తిప్పినట్టు వీటిని ఎంతమాత్రం తిప్పకూడదు. పెట్టిన ఒకటి రెండు రోజులలోనే పిండం పెంకు లోపలి పైభాగానికి అంటుకుంటుంది. ఆ తరువాత గుడ్డు బోర్లపడితే పిండం చనిపోవచ్చు. పైభాగం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

లెపర్డ్ గెకోకు 28 డిగ్రీలు, అంటే మీ ఇంటి కొలతలో 82 ఫారన్‌హీట్, మంచి లక్ష్యం. పెట్టెను ఏసీ ఉన్న గదిలోని అలమరాలో పెట్టండి, గ్యారేజీలో వద్దు. టెక్సస్ వేసవిలో గ్యారేజీ వేడి 40 డిగ్రీలు దాటుతుంది, హీటరు వేడి చేయగలదు గాని చల్లబరచలేదు. కొత్త ఏర్పాటును ఒక రోజంతా ఖాళీగా నడిపి చూసేదాకా గుడ్లు ఏసీ గదిలో మామూలు వేడిలో ఉన్నా నష్టం లేదు. తొలి రోజులలో చల్లదనం పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. 35 డిగ్రీలు మాత్రం ప్రాణం తీయగలవు.

ప్రశ్న: పెట్టెలో మూడు డిజిటల్ థర్మామీటర్లు పెడితే మూడూ మూడు అంకెలు చూపిస్తున్నాయి. థర్మోస్టాట్ చూపించేది నాలుగోది. దేన్ని నమ్మాలి? సెన్సార్ ఎక్కడ ఉండాలి?
– ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: చవక థర్మామీటర్లలో ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా ఉండటం మామూలే. బెంబేలు పడనక్కరలేదు, ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ఒక గ్లాసులో దంచిన మంచుగడ్డ నింపి, సందుల వరకు మాత్రమే నీరు పోసి, బాగా కలిపి కొన్ని నిమిషాలు ఆగితే ఆ ముద్ద ఉష్ణోగ్రత 0 డిగ్రీలు. సెన్సార్ కొనను అందులో ఉంచి ఎంత చూపిస్తుందో రాసుకోండి. రెండో బిందువుకు ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటరు పనికొస్తుంది. అది 32 డిగ్రీలకు దిగువన ఏ అంకే చూపదు గాని, 36, 37 డిగ్రీల దగ్గర నమ్మదగినది. గోరువెచ్చని నీటిలో రెంటినీ పక్కపక్కన ముంచి తేడా చూసి, ఆ తేడాను థర్మామీటరు వెనుక ఒక పట్టీ మీద రాసి అతికించండి. గుడ్లకు కావలసిన వేడి ఈ రెండు బిందువుల నడుమ, రెండోదానికి దగ్గరగా ఉంటుంది కనుక రెండో తేడాకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

సెన్సార్ విషయంలో ఒకే నియమం చెప్పలేము. హీట్ మ్యాట్ వాడుతుంటే సెన్సార్ గుడ్ల డబ్బాకు ఆనుకుని, గుడ్ల ఎత్తులోనే ఉండాలి. మ్యాట్‌కు దగ్గరగా పెడితే పెట్టె చల్లగా ఉండిపోతుంది, మూతకు దగ్గరగా పెడితే కింద ఉన్న గుడ్ల సంగతి దానికి తెలియదు. నీటి పద్ధతిలో సెన్సార్‌ను నీటిలోనే ముంచి ఉంచడం మాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే పైన గాలిలో పెడితే అది వేడెక్కేసరికి నీరు అవసరానికి మించి కాగి ఉంటుంది. నీటి కంటె గుడ్ల డబ్బా ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉండవచ్చు. ఎంతో చూసుకుని నీటి వేడిని ఆ మేరకు పెంచుకోవాలి. గది వేడి పగలు రాత్రి బాగా మారే ఇంట్లో ఈ తేడా కూడా మారుతుంది కాబట్టి, కనిష్ఠ గరిష్ఠ అంకెలను గుర్తుంచుకునే థర్మామీటరును డబ్బాలోనే పెట్టి రోజుకొకసారి చూడండి.

ఇంకొక మాట. థర్మోస్టాట్ ఆపిన తరువాత ఎన్ని డిగ్రీలు తగ్గితే మళ్లీ వేడి మొదలుపెట్టాలో నిర్ణయించే అమరిక ఒకటి ఉంటుంది. చాలామంది కొంటున్న డబ్ల్యూ1209 బోర్డులో అది కొత్తగా వచ్చినప్పుడు 2 డిగ్రీలుగా ఉంటుంది. దాన్ని 0.5కు మార్చుకోండి. అదే బోర్డును వేడి చేయడానికీ, చల్లబరచడానికీ రెండింటికీ వాడవచ్చు కనుక, వేడి వైపు అమర్చి ఉందో లేదో గుడ్లు పెట్టకముందే సరిచూడాలి. చల్లబరిచే వైపు ఉంటే పెట్టె వేడెక్కేకొద్దీ అది హీటరును నడుపుతూనే ఉంటుంది. దాని వెనుక వైపు టంకం చుక్కలకు పూత ఉండదు. ఇంటి కరెంటును దాని గుండా పంపేటట్లయితే మూసిన ప్లాస్టిక్ డబ్బాలో బిగించకుండా వాడనే వద్దు.

ప్రశ్న: గుడ్లకు పెట్టే వేడిని బట్టి ఆడపిల్లో మగపిల్లో నిర్ణయం అవుతుందని మా అబ్బాయి అంటున్నాడు. వాడి దగ్గర లెపర్డ్ గెకోలు, స్నేహితుడి దగ్గర బాల్ పైథాన్లు (ఒక రకం కొండచిలువలు) ఉన్నాయి. ఇద్దరూ మగపిల్లలు రావాలని పెట్టె వేడి పెంచుదామనుకుంటున్నారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సగం నిజం. 1966లో మదలెన్ షార్నియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పశ్చిమాఫ్రికాలోని డకార్‌లో అగామా అనే బల్లిజాతి గుడ్ల మీద పనిచేస్తూ, పిల్లల లింగం పొదుగు వేడిని బట్టి మారుతున్నదని గమనించారు. ఆ అగామా మన పొలాల గట్ల మీద తల ఆడించే తొండ కుటుంబానికే చెందినది. ఆ తరువాత తాబేళ్లలో, మొసళ్లలో, కొన్ని బల్లులలో ఇదే సంగతి రుజువైంది.

లెపర్డ్ గెకో అటువంటి వాటిలో ఒకటి. 26 డిగ్రీల వద్ద దాదాపు అన్నీ ఆడపిల్లలే వస్తాయి. వేడి పెరిగేకొద్దీ మగవాటి వంతు పెరిగి 32 డిగ్రీలు దాటిన చోట అవి ఎక్కువవుతాయి. అక్కడితో ఆగక 34, 35 డిగ్రీలకు చేరితే మళ్లీ ఆడవే ఎక్కువగా వస్తాయి, అయితే ఆ వేడిలో చాలా గుడ్లు చెడిపోతాయి, పుట్టిన ఆడవాటి ప్రవర్తనలోనూ తేడా కనబడుతుంది. అంటే మగపిల్లల కోసం 32.5 దగ్గర పెట్టిన పెట్టెకు, గుడ్లు చచ్చే వేడికి మధ్య ఉన్న ఎడం రెండు మూడు డిగ్రీలే. ఇంట్లో చేసిన పెట్టెలో థర్మామీటరు తేడా ఒక డిగ్రీ, థర్మోస్టాట్ ఊగిసలాట ఇంకో డిగ్రీ అనుకుంటే ఆ ఎడం కరిగిపోతుంది. మీ అబ్బాయికి మా సలహా 28 నుంచి 30 మధ్య ఒక అంకెను ఎంచుకుని దాన్ని కదలకుండా నిలబెట్టమని. లింగం నిర్ణయమయ్యే దశ పొదుగుకాలంలో మొదటి కొన్ని వారాల్లోనే గడిచిపోతుంది కాబట్టి చివరి వారాల్లో వేడి పెంచినా లింగం మారదు, హాని మాత్రం జరగవచ్చు.

స్నేహితుడి బాల్ పైథాన్లకు ఈ సూత్రం వర్తించదు. పాములలో లింగాన్ని క్రోమోజోములే నిర్ణయిస్తాయి. వాటి గుడ్లకు 31 నుంచి 32 డిగ్రీలు, సుమారు రెండు నెలల కాలం కావాలి. అంతకు మించి వేడి పెంచితే వంకర వెన్నుతో పుట్టే ప్రమాదమే తప్ప లాభం లేదు. బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లిది మధ్యస్థమైన కథ. దాని లింగం క్రోమోజోముల వల్లనే నిర్ణయమవుతుంది గాని, 32 డిగ్రీలు దాటిన వేడిలో క్రోమోజోముల ప్రకారం మగవైన పిండాలు కూడా ఆడవిగా పెరుగుతాయి.

మన తీరానికీ దీనికీ సంబంధం ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల లింగం ఇసుక వేడి మీద ఆధారపడి ఉంటుంది. ఇసుక చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. ఒడ్డున కంచె కట్టి గుడ్లను కాపాడే హేచరీలలో హీటర్లు ఉండవు, ఇసుక వేడే పొదుగుతుంది. అక్కడి వారి బెంగ ఇసుక మరీ కాలిపోతుందేమోనని.

ప్రశ్న: మా ఇంట్లో నాటుకోడి గుడ్లకు చేయించిన ఇంక్యుబేటర్ ఉంది. మొన్న చేను దున్నుతుంటే మెట్ట తాబేలు గుడ్లు బయటపడ్డాయి. పాడైపోతాయన్న జాలితో వాటిని ఇంక్యుబేటర్‌లో పెట్టవచ్చునా?
– ఒక రైతు పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: పెట్టవద్దు. మీ ప్రాంతపు మెట్ట పొలాలలో కనిపించేది చాలావరకు నక్షత్ర తాబేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం సరీసృపాల గుడ్లను పాడుచేయడం, వాటి గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. 2022 సవరణ తరువాత నక్షత్ర తాబేలు ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాతుల జాబితాలో ఉంది. మీది జాలే అయినా గుడ్లను ఇంటికి తేవడం నేరమవుతుంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా మీ యంత్రం వాటికి పనికిరాదు. కోడిగుడ్ల ఇంక్యుబేటర్ 37.5 డిగ్రీల వద్ద నడుస్తుంది, ఆ వేడిని తాబేలు పిండం తట్టుకోలేదు. వేడి తగ్గించినా గుడ్లను తిప్పే అమరిక వాటిని చంపుతుంది. గుడ్లు పగలకుండా ఉంటే, ఏ వైపు పైకి ఉన్నాయో అదే వైపు ఉంచి, అదే మట్టితో కప్పి, ఆ చోట కాస్త మేర దున్నకుండా వదిలేసి అటవీశాఖ వారికి కబురు చేయండి. అవి పొదగడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: గోడ మీది పటం వెనుక రెండు చిన్న తెల్లని బల్లి గుడ్లు ఉన్నాయి. మా మనవడు వాటికి కూడా పెట్టె చేయమంటున్నాడు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పటం వెనుక గోడే వాటి పెట్టె. లెపర్డ్ గెకో గుడ్డు తోలులా మెత్తగా ఉండి చుట్టూ తేమను కోరుతుంది. ఇంటి బల్లి గుడ్డు పెంకు గట్టిగా ఉండి పొడి చోటును తట్టుకుంటుంది. మీ ఊరి వేడికి అదనంగా ఏమీ చేర్చనక్కరలేదు. తరచు గోడకు అంటుకుని ఉంటాయి కనుక ఊడదీయబోతే పగులుతాయి. మనవడిని పటం తీయకుండా పక్క నుంచి చూడమనండి.

ప్రశ్న: మా వాడి బాల్ పైథాన్ గుడ్లు పెట్టెలో ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, మా ఇంటికీ పోయింది. మళ్లీ అలా జరిగితే గుడ్లను ఎలా కాపాడాలి?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: అడవిలో ఈ పని తల్లి చేస్తుంది. మన కొండచిలువ జాతి తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, చల్లబడినప్పుడు కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తుంది. చలి పెరిగేకొద్దీ వణుకు పెరుగుతుంది. బాల్ పైథాన్‌కు ఆ విద్య లేదు, గుడ్లను కప్పి తేమను, ఉన్న వేడిని కాపాడటం వరకే దాని పని. కరెంటు పోయినప్పుడు మీరు చేయవలసింది కూడా అదే.

మొట్టమొదటి జాగ్రత్త, పెట్టె మూత తీయవద్దు. ఎలా ఉన్నాయో చూద్దామని తీసిన ప్రతిసారీ లోపలి వెచ్చని గాలి పోతుంది. పెట్టెను రెండు మందపాటి దుప్పట్లతో చుట్టండి, గుడ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఒక మూలన సందు మాత్రం వదలండి. గది 10 డిగ్రీలకు పడిపోయి, లోపల 31 డిగ్రీలు ఉన్నప్పుడు మొదట చెప్పిన కొలతల పెట్టె సుమారు 15 వాట్ల చొప్పున వేడిని కోల్పోతుంది. 10 లీటర్ల నీరు ఉన్న పెట్టె ఆ లెక్కన గంటకు ఒక డిగ్రీకి కాస్త ఎక్కువగా చల్లబడుతుంది, దుప్పట్లు చుట్టితే ఇంకా నెమ్మదిగా. కొన్ని గంటలపాటు 26, 27 డిగ్రీలకు దిగినంత మాత్రాన గుడ్లు చెడిపోవు.

కోత అంతకంటె ఎక్కువసేపు సాగేటట్లుంటే, 40 డిగ్రీల నీరు నింపిన లీటరు సీసాలను రెండింటిని తువ్వాలులో చుట్టి, గుడ్ల డబ్బాకు తగలకుండా పెట్టెలో పెట్టండి. అవి పై లెక్కన గంటకు పైగా నష్టాన్ని పూడుస్తాయి, చల్లారగానే మార్చాలి. మరిగే నీరు పోయవద్దు. చేతులు వెచ్చబరచుకోవడానికి అమ్మే పొట్లాలను లోపల పెట్టవద్దు. వాటిలోని ఇనుపపొడి గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటూ వేడెక్కుతుంది, మూసిన పెట్టెలో ఆ ఆక్సిజన్ గుడ్లకు కావాలి, పైగా ఆ వేడి 50 డిగ్రీలు దాటవచ్చు.

కంప్యూటరుకు వాడే చిన్న యూపీఎస్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అందులో మామూలుగా ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు. సగటున 15 వాట్ల ఖర్చు, యూపీఎస్ తాను తినేది కలుపుకుంటే నాలుగు గంటలకు మించి ఆశించకూడదు. రాత్రి గడవాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, లేదా కారు బ్యాటరీతో నడిచే 12 వోల్టుల హీట్ మ్యాట్‌ను ముందే సిద్ధం చేసుకోవాలి.

కరెంటు తిరిగి వచ్చాక ముందు సీసాలను తీసివేయండి, హీటరు నీటిలో మునిగి ఉన్నదో లేదో చూసి అప్పుడు ప్లగ్గు పెట్టండి. పోయిన వేడిని తొందరగా రప్పించాలని థర్మోస్టాట్ అంకెను పెంచవద్దు, పాత అంకె దగ్గరే ఉంచితే రెండు మూడు గంటల్లో దానంతట అదే చేరుకుంటుంది.